మూడో చుక్క

మొన్న ఆదివారం మా మనవరాలు ఓ చిన్న పొట్లం చింపి, అందులోని కార్డులన్నీ మంచం మీద పరిచింది. మాంత్రికులు, రెక్కల పాములు, కత్తులు పట్టుకున్న ఆడపిల్లలు. వాళ్ల మధ్యన కొన్ని జాగల కార్డులు కూడా ఉన్నాయి. ఓ చిత్తడి నేల, ఓ మంచుకొండ, ఓ పాడుబడ్డ కోట. తర్వాత ఫోన్ తెరిచింది. అందులో ఒకాయన ఈ కొత్త కట్టలో వచ్చిన జాగలను ఒక్కొక్కటే చూపిస్తూ, దీనికి ఐదుకు నాలుగు, దీనికి రెండున్నర అని మార్కులు వేస్తున్నాడు. చిత్తడి నేల దగ్గర ఆగి, చూడ్డానికి బాగానే ఉంది గానీ ఆటలో దండగ అని పెదవి విరిచాడు.

నాకు నవ్వొచ్చింది.

"ఎందుకు తాతా నవ్వుతున్నావు?"

"ఇంతసేపు మాట్లాడాడు గానీ నీళ్ల సంగతి అడగలేదు" అన్నాను.

ఆ ప్రశ్న నాది కాదు. ఎనభైల్లో కామాటిపురలో వరుస గదుల మా చాల్ రెండో అంతస్తులో, మెట్ల పక్కన వరండాలో పొద్దంతా కూర్చునే ఒక ముసలావిడది. పేరు రాయను. రాద్దామన్నా అప్పట్లో నాకు తెలియదు. చాల్ అంతా అవ్వ అనే పిలిచేది. పాలు పోసే మరాఠీ ఆయన కూడా అదే ఆమె పేరనుకొని, చాలా మర్యాదగా "అవ్వా బాయీ" అనేవాడు.

ఆమెను తల్చుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మెడ. అది ఎటూ తిరిగేది కాదు. పాలమూరు నుంచి చిన్నప్పుడే మట్టి పనికి వచ్చి, నలభై ఏళ్లు నెత్తిన తట్ట మోసిన మెడ. తట్ట దిగిపోయి ఎన్నేళ్లయినా దానికి ఆ కబురు అందలేదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాల్సిందే. అవునని తల ఊపదు, కాదని ఊపదు. అవునంటే ఒకసారి కళ్లు మూసి తెరుస్తుంది. కాదంటే తెరిచిన కళ్లు అలాగే పెట్టి మనల్ని చూస్తుంది. ఎదుటివాడికి ఎక్కడ లేని తప్పులూ గుర్తొచ్చేవి.

రెండోది సుట్టబట్ట. తట్ట కింద నెత్తిన పెట్టుకునే గుడ్డచుట్ట అది. పని మానేసినా దాన్ని మాత్రం మానలేదు. వరండాలో అదే ఆమె పీట. ఆమె లేనప్పుడు పొరపాటున ఎవరైనా దాని మీద కూర్చుంటే, వచ్చి ఏమీ అనకుండా ఎదురుగా నిలబడేది. లేచేదాకా నిలబడేది. ఒకసారి ఇంటికి వచ్చిన మా మేనమామ అలా కూర్చుండిపోయి, టీ సగం తాగి, కారణం తెలియకుండానే లేచి వెళ్లిపోయాడు.

ఇక మా సంగతి. నేను నాగ్‌పాడాలో పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సులో కటింగ్ మిషన్ మీద పని చేసేవాణ్ణి. నా స్నేహితుడు యాదగిరి ఫాక్‌లాండ్ రోడ్డు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఇద్దరికీ ఇరవై దాటి మూడు నాలుగేళ్లయింది. ఆ వయసులో మిగతావాళ్లు పిల్లను చూసుకుంటారు, లేదా దుబాయి సంగతి మాట్లాడతారు. మేం పత్రికలు కోయగా మిగిలిన అట్టముక్కలు తెచ్చి, వాటి మీద రాజులనూ రాక్షసులనూ గీసి ఆట కట్టాం. ప్రతి యోధుడూ ఒక జాగ మీద నిలబడి పోట్లాడాలి. జాగకు ఎంత బలముంటే యోధుడికి అంత బలం. ఏటా గణపతి పండక్కి ముందు కొత్త కట్ట దించేవాళ్లం. కొత్త రాక్షసులు, కొత్త మంత్రాలు, పది పన్నెండు కొత్త జాగలు. పక్క గల్లీల వాళ్లూ ఎగబడి మార్చుకునేవాళ్లు. రెండు మామూలు రాక్షసులకు ఒక మంచి జాగ అప్పటి ధర. పెళ్లీడొచ్చిన గాడిదలకు ఇదేం పని అని చాల్లో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లు నవ్వింది నిజమే, మేం గాడిదలమూ నిజమే.

చిక్కల్లా జాగలకు బలం ఎంత వేయాలన్న దగ్గరే వచ్చేది. యాదగిరి ఏ జాగ అందంగా గీస్తే దానికి పది వేయమనేవాడు. రూల్సు రాసేది నేను కాబట్టి నా మాటే చెల్లాలనేవాణ్ణి. ఓ ఆదివారం ఈ గొడవలో ఒక కార్డు గాలికి ఎగిరి అవ్వ ఒళ్లో పడింది. కొండకొమ్ము మీద వజ్రాల కోట. ఆ ఏడు మా కట్టకు అదే మకుటం. అవ్వ దాన్ని తీసి చూసింది. వెనక్కి తిప్పి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. గోటితో టక్కున కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఈడ నీళ్లెక్కడివి?" అంది.

"అది వజ్రాల కోట అవ్వా" అన్నాను.

"అయితె? వజ్రాలు తాగుతరా?"

యాదగిరి పకపకా నవ్వాడు. అవ్వ అతని వైపు మొత్తంగా తిరిగింది.

"నువ్వేంది నవ్వేది? గింత ఎత్తు కొండ గీస్తివి. రాళ్లు మీదికి మోసినోళ్లెవరు? దిగొచ్చినంక వాళ్లు యాడున్నరు? ఒక్క గుడిసె గీసినవా? నీడ లేదు, ఏం లేదు. పైకెల్లి ఈడికి ఎవరొస్తరు? గిది సావనీకి మంచిగున్నది."

కార్డును సుట్టబట్ట కింద పెట్టి దాని మీద కూర్చుంది. మా ఏడాది కష్టం ఆవిడ కింద ఉంది. అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

అలా మొదలైంది. ఆ రోజు నుంచి కొత్త కట్ట ఏదైనా ముందు అవ్వ దగ్గరికి పోవాల్సిందే. మేం పెట్టుకున్న నియమం కాదిది. మా పోట్లాట వినలేక ఆమే పెట్టింది, మేం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. ఆమె అడిగేవి మూడే ప్రశ్నలు. నీళ్లెక్కడివి, నీడ యాడ, ఎవరొస్తరు. ఒక్కో దానికి సరైన జవాబు దొరికితే తాంబూలం సున్నంలో వేలు ముంచి కార్డు వెనక ఒక చుక్క పెట్టేది. మూడు చుక్కలైతే ఉండనీకి. రెండైతే పోనీకి, అంటే దారిలో ఆగి మంచినీళ్లు తాగి ముందుకు పోవడానికి. అంతకంటే తక్కువైతే సావనీకి. ఎండిన సున్నం రాలిపోకముందే యాదగిరి పెన్సిలుతో చుక్క చుట్టూ గీత గీసేవాడు. అదే జాగ బలం. దాని మీద అప్పీలు లేదు.

ఆమె తీర్పులు మా ఆటను ఎన్ని తిప్పలు పెట్టాయో చెప్పలేను. మాట్లాడే చెట్ల మాయావనం అని ఒకటి చేశాం. నీడకు ఒక చుక్క పడింది. చెట్లు ఉన్నాయంటే అడుగున నీళ్లుంటాయని రెండోది పడింది. మూడోది అడిగితే, "చెట్లు పొద్దంత ముచ్చట్లు పెడ్తుంటె ఒచ్చినోడు ఎంతసేపు కూసుంటడు?" అని ఆపేసింది. అగ్నిలోయ అని ఒకటి చేశాం. ఎప్పుడూ మండుతూ ఉంటుంది, అందులో నిలబడ్డ యోధుడు బూడిదే. కట్ట మొత్తంలో అదే చెత్త జాగ కావాలని మా ఉద్దేశం. అవ్వ దాన్ని చాలాసేపు చూసింది. "పొయ్యి ముట్టిచ్చే పనే లేదు. రొట్టె కాల్చుకోనీకి చుట్టుపక్కలోళ్లంత ఈడికే ఒస్తరు" అని వచ్చేవాళ్ల చుక్క వేసేసింది. కొండ పక్క నుంచి యాదగిరి మురిపెంగా గీసిన సన్నటి గీత ఒకటి ఉంటే అది వాగు అని ఇంకో చుక్క వేసింది. అది పగులు, వాగు కాదు అని చెప్పబోతే తెరిచిన కళ్లతో చూసింది. ఆ ఏడు అగ్నిలోయ కోసం పక్క గల్లీవాళ్లు మూడేసి రాక్షసులను ఇచ్చారు.

మేఘాల్లో తేలే ద్వీపం తెచ్చిన రోజు అసలు పేచీ వచ్చింది. అవ్వ కార్డు తలకిందులు చేసి ద్వీపం అడుగున ఏముందో చూసింది.

"దీని దిమ్మె యాడున్నది?"

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మట్టి తవ్వేవాళ్లు గుంట మధ్యలో ఒక దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. దాని నెత్తిన పాత గడ్డి అలాగే ఉంటుంది. సాయంత్రం కొలిచేవాడు వచ్చి, ఆ గడ్డి దగ్గర్నుంచి గుంట అడుగు దాకా టేపు పెట్టి ఎంత లోతు తవ్వారో చూస్తాడు. దిమ్మె లేకపోతే నేల ముందు ఎంత ఎత్తున ఉండేదో చెప్పేవాళ్లే ఉండరు.

"దిమ్మె అంటె సాచ్చి" అంది. "జాగ గీసినవంటె, తవ్వకముందు అది ఎట్లుండెనో గూడ సూపియ్యాలె. లేకపోతె నేనెట్ల నమ్మాలె నిన్ను?"

"మబ్బుల్లో ద్వీపానికి దిమ్మె ఎట్లవ్వా?"

"గది నీ తిప్పలు."

యాదగిరి తిట్టుకుంటూ మేఘం మధ్యలో ఒక మట్టి దిమ్మె గీశాడు. అప్పట్నుంచి మా ప్రతి జాగ కార్డు మూలలోనూ ఒక దిమ్మె నిలబడింది, దాని నెత్తిన ఆ నేల మునుపటి గడ్డితో సహా. అగ్నిలోయకు కూడా పచ్చగడ్డి దిమ్మె పెట్టించింది, మంట రాకముందు గడ్డి ఉండే ఉంటుంది గదా అని. మొదట వెక్కిరించిన పక్క గల్లీవాళ్లు, తర్వాత దిమ్మె లేని జాగ ఇస్తే దొంగ కార్డని తీసుకోవడం మానేశారు.

ఒక్కసారే అవ్వ తన నియమం తానే తప్పింది. శాపభూమి అని ఒక జాగ చేశాం. ఎండిన నేల, ఎముకలు, నల్లటి ఆకాశం. అక్కడ నిలబడితే చచ్చిన యోధులు లేచి తిరిగొస్తారు. చూసినవాడు జడుసుకోవాలని గీసింది. నేను నిబంధన చదివి వినిపించాను.

"సచ్చినోడు మళ్లొస్తడా?" అంది.

"వస్తాడవ్వా. కానీ దెయ్యమై వస్తాడు."

"ఎట్లయితె ఏందిరా, ఒస్తడు గద."

నీళ్ల సంగతి అడగలేదు, నీడ సంగతి అడగలేదు. టపటపా మూడు చుక్కలు పెట్టి కార్డు నా చేతిలో పెట్టింది. ఆమె భర్త ఎక్కడో పునాది గుంటలో గట్టు కూలి పోయాడని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. నాకు అప్పుడు అది గుర్తు రాలేదు. ఆట చెడిపోయిందని చిరాకు పడ్డాను, అంతే.

కార్డులే కాదు, ఆమె కొలత అన్నిటికీ అదే. నాకు పిల్లను ఇవ్వాలని వాళ్ల నాన్న మా చాల్‌కు వస్తే, మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషిని ఆపి, "మీ దిక్కు నల్లా ఎన్నింటికి ఒస్తది?" అని అడిగింది. ఆయన పొద్దున నాలుగింటికి అన్నాడు. కళ్లు మూసి తెరిచి దారి ఇచ్చింది. ఆ సంబంధం కుదిరింది. కుదరడానికి ఆ చుక్కే కారణమని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అవ్వ కొడుకు బాల్‌రాజన్నకు కళ్యాణ్ అవతల ఒక కార్ఖానాలో పని. రోజూ పోయి రావడం కష్టమై, డోంబివిలి దాటాక కొత్తగా కడుతున్న కాలనీలో ఒక గది తీసుకున్నాడు. భార్యాపిల్లలతో అక్కడికి మారిపోతున్నాడు. తల్లిని రమ్మన్నాడు. ఆమె రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. చాల్‌లోని పాత గది అన్నదమ్ములందరిదీ కాబట్టి, ఉంటానంటే కాదనేవాళ్లు లేరు. ఎటూ తేల్చుకోలేక నన్నూ యాదగిరినీ పిలిచింది.

"నా మోకాళ్లు రైలెక్కయి. ఎక్కితె మళ్ల దిగొచ్చుడు లేదు. మీరిద్దరు పొయ్యి ఆ జాగ సూసి, గీస్కరాండ్రి. సూసి చెప్త, ఉండనీకా, సావనీకా."

మెట్ల దగ్గర బాల్‌రాజన్న నన్ను పక్కకు లాగాడు. "తమ్మీ, నా భార్య గూడ పనికి పోతది. పొద్దంత పిల్లలు ఇంట్ల ఒక్కల్లే ఉంటరు. అవ్వ లేకుంటె నాకు నడవది. జర మంచిగ గీయిండ్రి" అన్నాడు. సరేనన్నాను.

దాదర్‌లో బండి మారితే గంటన్నర ప్రయాణం. మేం వెళ్లేసరికి పది కాలేదు. చూడ్డానికి బాగానే ఉంది. బాగా ఉండటమే నాకు నచ్చలేదు. చేతిపంపు ఉంది, కొడితే నీళ్లొచ్చాయి. గది వెనక చింతచెట్టు ఉంది. రోడ్డు కట్ట పోయడానికి పక్క పొలంలో మట్టి తవ్వుతున్నారు. గుంటల్లోంచి తెలుగు వినిపించింది. అచ్చం అవ్వ తెలుగే. ఒకావిడ తట్ట దించుకుని, "యాడికెల్లి ఒచ్చిన్రు బిడ్డా?" అని అడిగి మాకు సొరకాయ బుర్రలో నీళ్లిచ్చింది. యాదగిరి గుంట అంచున కూర్చుని చాలాసేపు బొమ్మ గీసుకున్నాడు.

తిరుగుబండిలో నేను ఆలోచించింది బాల్‌రాజన్న పిల్లల గురించి కాదు. అవ్వ మోకాళ్ల గురించీ కాదు. గణపతి ఇంకా నెల ఉంది, పన్నెండు కొత్త జాగలు సిద్ధంగా ఉన్నాయి, ఆమె వెళ్లిపోతే చుక్కలు ఎవరు వేస్తారు అని. ఆ వరండా మూలన ఆమె లేకుండా ఉండటం కూడా నేను ఊహించుకోలేకపోయాను. దానికి మాత్రం ఆటను అడ్డం పెట్టుకున్నాను. ఏమైతేనేం, యాదగిరితో చెప్పి ఆ కార్డు మీద చెరువంత బురద పోయించాను. ఉప్పునీళ్లు, చచ్చిన చేప, ఒక కాకి. పంపు లేదు, చింతచెట్టు లేదు, మనుషులు లేరు. యాదగిరి ముఖం ముడుచుకుని చెప్పింది చెప్పినట్టు గీశాడు. దిమ్మె మాత్రం తన ఇష్టానికే గీశాడు. అటు నేను చూడలేదు.

అవ్వ కార్డు తీసుకుంది. ముందు వెనక చూసింది. వాసన చూసింది. పెళ్లి పత్రిక అట్టకు మిగిలిన బంగారు అంచు మీద వేలు రాసింది.

"అంత బురదనే ఉన్నదా?"

"అంతా బురదే అవ్వా. ఎప్పట్నుంచో అంతేనట. ఉప్పునీళ్ల నేల."

"నీళ్లు?"

"తాగేవి లేవు."

"మనుషులు?"

"ఎవరూ కనబడలేదు."

తర్వాత గోరు తీసుకెళ్లి మూలన ఉన్న దిమ్మె మీద పెట్టింది.

"ఎప్పట్నుంచో బురదనే అంటివి. మరి దిమ్మె మీద గరిక యాడికెల్లి ఒచ్చె? ఉప్పునేల మీద గరిక మొలుస్తదా?"

దిమ్మె నెత్తిన పచ్చగా, లేతగా, ఒక్కో పోచా విడివిడిగా గరిక గీసి ఉంది. ఆమె గోరు ఇంకొంచెం కిందికి జరిగింది.

"యాదగిరీ. ఈ దిమ్మెకు పక్కకు మెట్టు ఉన్నది. నేను నీకు మెట్టు గీయుమని ఎన్నడన్న చెప్పిన్నా?"

"లేదవ్వా" అన్నాడు. కాలు తొక్కుదామంటే దూరంగా కూర్చున్నాడు. "అక్కడ ఎట్ల చూసిన్నో అట్లనే గీసిన."

"దిమ్మెకు మెట్టు ఇడిసిపెట్టేది మా గుంపోళ్లే. ఇంకెవ్వరు ఇడువరు. తట్ట ఆన్చుకోని ఊపిరి తీస్కోనీకి మా ఆడోళ్లం కొట్లాడి పెట్టిచ్చుకున్నం." మనిషి మొత్తం నా వైపు తిరిగింది. "ఆడ మనోళ్లున్నరు. నీళ్లిచ్చిన్రా మీకు?"

"ఇచ్చిన్రు" అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె పొగాకు నములుతూ నన్ను తీరిగ్గా చూసింది. కళ్ల చివర నవ్వు కనిపించింది.

"అబద్ధం గీయాలన్న గూడ చెయ్యి తిరగాలెరా. నీతోని గాదు" అంది. "నేను పోతె నీకేం పోతదిరా బిడ్డా?" అని అడిగింది.

చుక్కలు ఎవరు వేస్తారు అన్నాను. ఆ మాటకు ఆమె కళ్లు మూసి తెరిచింది. నేను చెప్పని మాటకు అవునందని ఇన్నేళ్ల తర్వాత అనిపిస్తుంది. కార్డు సుట్టబట్ట కింద పెట్టలేదు, తిరిగి ఇవ్వలేదు. నడుముకున్న పొగాకు సంచిలో దోపుకుంది.

"మరి దీనికి ఎన్ని చుక్కలు?" అన్నాడు యాదగిరి.

"ఈడ కూసోని ఏస్తె అది గూడ మీ బురదసొంటిదే అయితది. పొయ్యి సూసి ఏస్త. మీరొచ్చినప్పుడు సూపిస్త."

"వచ్చే ఆదివారమే వస్తాం" అన్నాను. ఆ నిమిషంలో అది నిజమే.

మర్నాడు పొద్దున టాక్సీ వచ్చింది. మూటలు ఎక్కించారు. సుట్టబట్ట ఆమె చంకలో ఉంది. టాక్సీ తలుపు దగ్గర ఆగి, ఒళ్లు తిప్పకుండా, మెడ మాత్రమే తిప్పి పైన మా వరండా వైపు చూసింది. ఎంతో కష్టంగా తిరిగింది ఆ మెడ. అది తిరుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను చెయ్యి ఊపాను. ఏడుపొచ్చింది, దగ్గొచ్చినట్టు నటించాను.

వచ్చే ఆదివారం పక్క గల్లీతో ఆట ఉంది. ఆ తర్వాత గణపతి వచ్చింది. అది అయ్యాక పెళ్లిళ్లు మొదలయ్యాయి, ప్రెస్సులో ఆదివారాలు కూడా పని. ఆ తర్వాత నా పెళ్లే. బోర్డుల పని మీద యాదగిరి పుణె వెళ్లిపోయాడు. జాగలకు నేనే చుక్కలు పెట్టి చూశాను. నా చుక్కను ఎవరూ నమ్మలేదు. రెండేళ్లు తిరగకుండా ఆట ఆగిపోయింది. దీపావళి అయ్యాక పోదాం అనుకున్నాను, పిల్లాడు పుట్టాక చూపించి వద్దాం అనుకున్నాను. ఎవరు అడిగినా డోంబివిలి చాలా దూరం అని చెప్పేవాణ్ణి.

నాలుగేళ్లకు ఒక మధ్యాహ్నం బాల్‌రాజన్న గుండుతో మా ఇంటికి వచ్చాడు. చూడగానే తెలిసిపోయింది. ఎక్కువ బాధ పడలేదని, నిద్రలోనే పోయిందని చెప్పాడు. టీ తాగాడు. పిల్లల చదువుల గురించి, చింతకాయల గురించి మాట్లాడాడు. లేవబోతూ జేబులోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "నీదేనంట. ఇయ్యుమన్నది."

బురద, చేప, కాకి. అన్నీ అలాగే ఉన్నాయి. వెనక్కి తిప్పాను. బంగారు అంచు పక్కన రెండు సున్నం చుక్కలు ఉన్నాయి. ఒకటి పసుపుబారి ఉంది, ఒకటి దానికంటే కాస్త తెల్లగా ఉంది.

"నీళ్లు మంచిగున్నయని ఆడికి పోయిన మొదటి వారంల్నే ఒకటి పెట్టింది" అన్నాడు. "మొదటి ఎండకాలం దాటనిచ్చి, చెట్టు నీడకని రెండోది పెట్టింది."

"గుంటల్లో మనవాళ్లు ఉండేవాళ్లు కదన్నా?"

"రోడ్డు పని అయిపాయె. ఎనిమిది నెలలకే ముందటికి పోయిన్రు." తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు, "మూడోది ఎయ్యవా అవ్వా అని నేను గూడ అడిగిన తమ్మీ. ఎవరొచ్చిన్రు, అన్నది."

ఆ కార్డు పెట్టెలోంచి తీసి మొన్న మా మనవరాలికి చూపించాను. నేను చెప్పినదంతా శ్రద్ధగా వింది. ఆమెకు కార్డులంటే భక్తి. అంచులు పట్టుకుని, చుక్కలకు వేలు తగలకుండా జాగ్రత్తగా తిప్పి చూసింది. దిమ్మె బాగుంది అంది. చుక్కలు చెరిగిపోకుండా తన కార్డులకు వాడే ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి అందులో దూర్చింది. మళ్లీ ఒకసారి లెక్కపెట్టింది.

"నీళ్లకు ఒకటి, నీడకు ఒకటి. మరి మూడోది ఎందుకు లేదు తాతా?"

"నేను పోలేదు" అన్నాను.